నేలబారు బండికి జాకీ

ఆ ఏడు వేసవి చివరి వారాలలో, బడులు తెరవబోయే ముందు, మా ఇంటిల్లిపాది చూపూ నేలకు జానెడు ఎత్తులోనే సంచరించింది. అంతకు పైనున్న లోకం మాకు పట్టలేదు. వీధిలో ఏ కారు ఆగినా దాని రంగూ హంగూ విడిచిపెట్టి, నడుము వంచి, దాని పొట్ట కింద ఎంత వెలుతురు కనిపిస్తున్నదో చూడడం నాకూ నా ఇల్లాలికీ వ్యసనమైపోయింది. పక్కింటాయన కొన్నాళ్లు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"మాస్టారూ, ఏమైనా పోయిందా?"

"పోలేదండీ. సందెంత ఉందో చూస్తున్నాం."

ఆయనకేమీ బోధపడలేదు. అయినా మర్యాదకు తానూ ఒకసారి వంగి చూసి, "బాగానే ఉంది," అని వెళ్లిపోయాడు.

చలికాలంలో వెన్నుకు జరిగిన శస్త్రచికిత్స అనంతరం నా ఇల్లాలి కాళ్లలో సత్తువ నిలవలేదు. చేతులు మాత్రం ఎప్పటివే. జీవితమంతా కత్తెర ఆడించి, బరువైన బట్ట తాన్లు మోసిన చేతులవి. బజారులో ఆమెకు ఒక కుట్టు కొట్టు ఉంది. ఆ చుట్టుపట్ల బడిపిల్లల యూనిఫారాలన్నీ అక్కడే పుడతాయి. బడులు తెరిచే ముందు వచ్చే గిరాకీయే ఆ కొట్టుకు ఏడాది పొడుగునా ఊపిరి.

చక్రాల కుర్చీలోంచి ఆమెను మా కారులోకి చేర్చడం ప్రతిసారీ ఒక ప్రహసనం. సీటు కుర్చీ కన్న బాగా ఎత్తు. అబ్బాయి చంకల కింద, నేను మోకాళ్ల కింద పట్టి పైకెత్తేవాళ్లం. ఆమె పళ్లు బిగబట్టి, "సిమెంటు బస్తాకైనా పట్టుకోవడానికి చెవులుంటాయి. నాకవీ లేవు," అనేది.

ఆమె తమ్ముడు, అనగా నా బావమరిది, కుర్రకారు కార్లను నేలకు ఆనేటంతగా కిందికి దించడంలో పేరు మోసినవాడు. ఆ విద్య ఏ లోకకల్యాణానికని నేను అనేకసార్లు వెక్కిరించి ఉన్నాను. అతడు వచ్చాడు. కుర్చీ ఎత్తు చూశాడు, సీటు ఎత్తు చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"అక్కా, నిన్ను కారు దాకా ఎత్తడం ఎందుకు? కారునే నీ దాకా దించేస్తాను."

దించాడు. స్ప్రింగులు మార్చేసరికి మా కారు మోకాళ్లు మడిచిన ఏనుగులా నేలకు దిగి కూర్చుంది. కుర్చీ, సీటు సరిసమానమయ్యాయి. రెంటికీ మధ్య నున్నని చెక్క ఒకటి వేస్తే, ఆమె తన చేతుల బలంతో తనంతట తాను జరిగి సీటులో కుదురుకుంది. తలుపు కూడా తానే వేసుకుంది. తండ్రీ కొడుకులం పనిలేని చేతులు వేలాడేసుకుని బయట నిలబడ్డాం.

"ఏం చూస్తున్నారు? ఎక్కండి. కొట్టు తాళాలు తెచ్చారా?" అంది లోపలినుంచి.

బావమరిదికి ఆ వారమే దూరాన ఒక రేవు పట్టణంలో పని దొరికింది. ఆ తరువాత మాకు మిగిలింది ఫోనులో అతని కంఠస్వరం మాత్రమే.

మా సంతోషానికి ముందుగా సర్వీసు షెడ్డులో గండి పడింది. అక్కడి మేస్త్రీ కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, చేతులు తుడుచుకుని, "దీన్ని మా లిఫ్టు మీదికి ఎక్కించలేం సార్. దాని చేతులు కిందికి దూరడం లేదు. బలవంతం చేస్తే బంపరు చేతికొస్తుంది," అన్నాడు. ఆ మాట ఇంటికి చేరగానే మా అబ్బాయి నుదురు ముడిపడింది. మేడలలో మనుషులను పైకీ కిందికీ మోసే లిఫ్టులను తనిఖీ చేయడం అతని ఉద్యోగం. ఏ వస్తువును చూసినా అది ఎలా పాడవుతుందన్నదే అతనికి మొదట స్ఫురించేది.

"నాన్నా, దారిలో టైరు పంక్చరైతే ఏంటి దారి? లోపల అమ్మ ఉంటుంది. చుట్టూ బళ్లు. కారుతో ఇచ్చిన జాకీ కిందికే పోదు. షెడ్డువాడు చేతులెత్తేశాడు. మీరేం చేస్తారు, శ్లోకం చదువుతారా?"

"చదువుతాను. దానికి చక్రం ఊడి రాదని నాకూ తెలుసులే."

"నవ్వులాట కాదు నాన్నా." అతడు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఫోన్లు బాగుచేసే ఆయన ఒకరు కొట్టు అద్దెకు అడుగుతున్నారు. పాత స్ప్రింగులు మళ్లీ పెట్టించేద్దాం. ఈ ఒక్క సీజనూ వదిలెయ్యి. హాయిగా ఉండు."

ఆమె చేతిలోని సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఒక్క సీజను నేను తలుపు తియ్యకపోతే అది ఇక నా కొట్టు కాదురా. తల్లులు ఇంకో కొట్టు అలవాటు చేసుకుంటారు. పిల్లలు నా కొలతల్లోంచి ఎదిగి బయటికి పోతారు."

అబ్బాయి చెడ్డవాడు కాడు. ఆసుపత్రిలో ఆమె పక్కన మా అందరికన్న ఎక్కువ సేపు కూర్చున్నది అతడే. చివరికి ఒక ఒడంబడిక కుదిరింది. మేమిద్దరమే, ఇంటి దగ్గరే, ఇంకొకరి సాయం లేకుండా ఆ కారును పైకి లేపి, చక్రం విప్పి, తిరిగి బిగించి చూపించాలి. చూపిస్తే కొట్టు ఆమెది. లేకుంటే స్ప్రింగులు పాతవి, కొట్టు ఫోన్లాయనది. యూనిఫారం బట్ట దిగేలోగా ఏదో ఒకటి తేలిపోవాలి.

"ఏదో ఒకటేంటి, కారే తేలుతుంది," అంది ఆమె.

మరునాటి ఉదయం ప్రార్థన ముగించుకుని నేను బయటికి వచ్చేసరికి ఆమె కుర్చీ అప్పటికే కారు పక్కన ఉంది. మెడలో టేపు. ఒడిలో టార్చిలైటు. నేల మీద చాప.

"పడుకోండి."

"ఎవరు?"

"నేను పడుకుంటే మళ్లీ లేపేదెవరు? మీరే."

ఈ వయస్సులో ఒక కారు కిందికి తల వంచి చూస్తానని నేను ఎన్నడూ తలపోయలేదు. చూసిన తరువాత ఇంతకాలం ఎందుకు చూడలేదా అనిపించింది. మనం కూర్చుని, మాట్లాడుకుని, నిద్రపోయే ఆ మెత్తని గది కింద ఇంకొక లోకం ఉంది. గొట్టాలు, కడ్డీలు, బురద ఎండిన సందులు, ఎప్పుడో దారిలో చిక్కుకుని తల ఊపుతున్న ఒక ఎండు కొమ్మ. పైవాళ్లకు తెలియకుండా అందరి బరువునూ మోస్తూ అన్నీ తమ తమ స్థానాలలో ఒద్దికగా ఉన్నాయి. నేను ఎంతసేపటికీ పలకకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చింది.

"నిద్రపోయారా ఏం?"

"లేదు. చాలా బాగుంది ఇక్కడ."

"బాగుంటే తరవాత కాపురం పెడుదురుగాని. ఎక్కడ ఎత్తాలో చూడండి."

ఆమె ఫోను నా చెవి దగ్గరికి అందించింది. బావమరిది లైనులో ఉన్నాడు.

"బావా, ఎక్కడ పడితే అక్కడ జాకీ పెడితే రేకు లోపలికి పోతుంది. తలుపు కింద అంచు వెంట వేలు పోనివ్వండి. ముందు చక్రానికి కొంచెం వెనకగా రెండు గాట్లు తగులుతాయి."

"తగిలాయోయ్!" ఎందుకో నాకు పట్టరాని ఆనందం కలిగింది.

"ఆ రెంటి మధ్యే. ఇంకెక్కడా కాదు. బండి మొత్తం బరువు తీసుకునేలా అక్కడే గట్టిగా చేస్తారు."

సముద్రాన్ని చిలికిన నాడు కొండను వీపున నిలిపిన తాబేలు ఆ క్షణాన నాకు జ్ఞప్తికి వచ్చింది. అది కూడా కొండ అడుగున సరియైన చోటు వెతుక్కునే ఉంటుందని చాప మీదినుంచే బావమరిదికి వివరించాను. అతడు శ్రద్ధగా ఊఁ కొట్టాడు. కుర్చీలోంచి ఆమె అడిగింది.

"అవును గానీ, ఆ తాబేలు అసలు కొండ కిందికి ఎలా దూరిందండీ? మన చిక్కంతా అక్కడే కదా."

నేను ఆలోచించవలసి వచ్చింది. "కొండ నీళ్లలో మునిగిపోతూ ఉంటే, అడుగునుంచి వెళ్లింది."

"అయితే దానికి నీళ్లున్నాయి. మనకు గచ్చు. టేపు కొస నేలకు ఆనించి పట్టుకోండి."

నేను పట్టుకున్నాను. ఆమె కుర్చీలోంచి వంగి అంకె చదివింది. నాలుగంగుళాలకు ఒక గీత తక్కువ. మరొకసారి చదివింది. కస్టమరు నడుము కొలత రాసుకున్నంత భరోసాతో టేపు చుట్టి మెడలో వేసుకుంది.

పనిముట్ల దుకాణానికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఆ యజమాని భారీ మనిషి. కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టుకుని, వాటికోసం బల్ల మీద వెతుకుతున్నాడు. వరుసగా పేర్చిన జాకీల ముందు ఆమె కుర్చీ ఆగింది. ఒక గ్రంథాలయంలోకి అడుగు పెట్టినప్పుడు నాకు ఎటువంటి ఆకలి పుడుతుందో, ఆ వేళ ఆమె కళ్లలో అదే చూశాను.

"ఇది తీసుకోండమ్మా, లారీని కూడా లేపుతుంది." నిటారుగా సీసాలా ఉన్నదానిని ఆయన ముందుకు జరిపాడు.

"లేపుతుంది బాబూ. లారీ కిందైతే నిలబడుతుంది. మా కారు కింద ఏదీ నిలబడదు, పడుకోవాలి."

ఆయన చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ ఒకటి దించాడు. ఆమె టేపు పెట్టింది. తల దగ్గరే అయిదంగుళాలు దాటింది. వద్దంది. మరొకటి తీశాడు. అదీ వద్దంది. ఆయన కళ్లద్దాలు వాటంతట అవే జారి ముక్కు మీదికి వచ్చాయి. అప్పుడు ఆమెను సరిగ్గా చూసి, లోపలికి వెళ్లి, పొడుగ్గా, బల్లపరుపుగా, ఒడ్డున పడుకున్న మొసలిలా ఉన్న జాకీని ఒకదానిని ఈడ్చుకుని వచ్చాడు.

"ఇది పందేల కుర్రాళ్లు కొనేదమ్మా."

"మాదీ పందెమే. ఇలా పెట్టండి."

తల కిందికి వాలినప్పుడు మూడుంపావు అంగుళాలు. ఆమె కనుబొమలు పైకి లేచాయి. కానీ అంతటితో వదలలేదు. ఎంత కిందికి దిగుతుందన్నది సగమే, ఎంత పైకి పోతుందన్నది మిగతా సగమని నాకు ఆనాడే తెలిసింది. కారు అంచు లేవగానే చక్రం లేవదట. స్ప్రింగు సాగుతున్నంతసేపూ అది నేలనే పట్టుకుని వేలాడుతుందట. అంచు చాలా దూరం పైకి పోయిన పిమ్మట గాని చక్రం నేలను విడవదు. వంగడమూ తెలిసి, లేవడమూ తెలిసినదే మాకు కావాలి.

"బరువెంత?" అని ఆమె నన్ను చూసింది. "ఒకసారి ఎత్తండి."

నేను వంగి పట్టుకున్నాను. అది కదలలేదు. యజమాని మర్యాదగా గోడ వైపు చూశాడు.

"దీన్ని లేపడానికి ఇంకో జాకీ కావాలి," అన్నాను.

"ఇదే అల్యూమినియంలో ఉందండీ. తేలిక." ఆయన మరొకటి తెచ్చాడు. అదీ తేలికని ఆయన అన్నాడు గాని నా నడుము అనలేదు. అయినా ఎత్తగలిగాను. దాని తలమీద కారు అంచు నలగకుండా రబ్బరు బిళ్ల ఒకటి అమర్చి ఉంది. పొడవాటి పిడిని బంపరు అవతల నిలబడే ఆడించవచ్చు. ఆమె ఆ పిడిని తానూ ఒకసారి కిందికీ పైకీ ఆడించి చూసి, తల ఊపింది.

మేము బయలుదేరబోతుంటే ఆయన రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇవి లేకుండా తీసుకెళ్లొద్దు సార్. జాకీ ఎత్తడానికే. మోయడానికి స్టాండు. స్టాండు పెట్టకుండా చెయ్యి కూడా లోపలికి పోనివ్వకండి."

ఎత్తేవారు వేరు, మోసేవారు వేరు అన్న ఆ విభజన నాకు ఎంతో నచ్చింది. దారి పొడుగునా దానినే తలచుకుంటూ నడిపి, మా వీధి మలుపు దాటి ముందుకు పోయాను.

ఆ తరువాతి ఉదయాలన్నీ మాకు అభ్యాసకాలం. బోల్టులు ఆమె వంతు, జాకీ నా వంతు. బండి నేల మీద ఉండగానే బోల్టులు వదులు చేయాలి. ఆమె కుర్చీని చక్రానికి ఆనించి, పానా తగిలించి, ఒక్క పెట్టున నొక్కేది. బోల్టు కీచుమనేది. వెనక చక్రాలకు అడ్డుగా చెక్క ముక్కలు పెట్టి, నేను మొసలిని లోపలికి తోసి పిడి ఆడించేవాడిని. నేను చదువుకున్న ఉద్ధరణలన్నీ ఒక్క పెట్టున జరిగినవి. ఇది మాత్రం వేలెడు వేలెడుగా జరిగింది. ప్రతి నొక్కుకూ కారు మూలుగుతూ ఒక గీత పైకి. ఆ మూలుగులో ఏదో అంగీకారం ఉన్నట్లు తోచేది. చక్రం నేల విడిచి గాలిలో తిరిగిన మొదటిసారి ఆమె దానిని చేత్తో తిప్పి, తిరుగుతున్నంతసేపూ కుట్టు మిషను చక్రాన్ని చూసినట్లే చూస్తూ కూర్చుంది.

"అబ్బాయిని సెలవు రోజు చూడ్డానికి రమ్మనండి," అంది.

సెలవు రోజు ఉదయం అబ్బాయి కాఫీ గ్లాసుతో బయటికి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. కోడలు గుమ్మంలో నిలబడింది. సరంజామా అంతా చాప మీద బారుగా పేర్చి ఉంది. అతడు జాకీని చూశాడు, స్టాండ్లను చూశాడు, మెచ్చుకోలుగా తల ఊపాడు. తరువాత ముందు చక్రం దగ్గర గొంతు కూర్చుని, గాలి మూత తీసి, జేబులోని పెన్ను మొనతో లోపల నొక్కాడు. బుస్సుమంది.

"ఏంట్రా అది?" ఆమె కంగారు పడింది.

"అమ్మా, లిఫ్టు బాగా తిరుగుతుంటే చూసి మేం సంతకం పెట్టం. తాడు తెగితే ఏమవుతుందో చూసి పెడతాం. గాలి ఉన్న కారుకి జాకీ ఎందుకు? పోయినప్పుడే కదా కావాలి."

గాలి పూర్తిగా పోయేదాకా అందరం ఆ శబ్దాన్నే విన్నాం. కారు ఆ మూల మెల్లగా కుంగింది. ఆమె బోల్టులు వదులు చేసింది. నేను జాకీని లోపలికి తోశాను.

టక్కుమని ఆగింది.

వెనక్కి లాగి మళ్లీ తోశాను. రబ్బరు బిళ్ల ఊడదీసి తోశాను. చాప మీద పడుకుని టార్చి వేసి చూశాను. గాట్లున్న అంచు జాకీ తల కన్న ఒక గోరంత కిందికి దిగి ఉంది. గోరంతే. దానికి ఒక సందు చాలు, ఆ సందు లేదు.

నేను లేచి కూర్చునేసరికి ఆమె టేపును వేళ్లకు చుట్టుకుంటోంది.

"చొక్కా కొలతలు ఇచ్చేటప్పుడు కొందరు పెద్దమనుషులు పొట్ట లోపలికి లాక్కుని నిలబడతారు," అంది నెమ్మదిగా. "ఊపిరి వదలండి బాబూ అని చెప్పి మరీ తీస్తాను. ఇన్నేళ్లలో ఎవడి చేతిలోనూ మోసపోలేదు. దీన్ని మాత్రం ఊపిరి బిగబట్టి ఉండగా కొలిచాను."

టైరు నిండుగా ఉన్న కారుకు మేము జాకీ కొన్నాం.

"అమ్మా, నేను గెలవాలని చెయ్యలేదే," అన్నాడు అబ్బాయి.

"తెలుసురా. సాయంత్రం ఆ ఫోన్లాయనకు ఫోన్ చెయ్యి. రేపు వచ్చి కొట్టు చూసుకోమను." ఆమె కుర్చీ తిప్పుకుంది. గడప దగ్గర చక్రాలు ఒకసారి తడబడ్డాయి. కోడలు సాయానికి చెయ్యి చాచింది గాని ఆమె అప్పటికే దాటింది.

నేను పానాలు ఏరుతున్నాను. అబ్బాయి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. చల్లారిన కాఫీ గ్లాసును కారు మీద పెట్టాడు. గొంతు కూర్చున్నాడు. మెడ వంచి చూశాడు. మోకాలు ఆనించాడు. ఆ పిమ్మట తెల్లచొక్కాతోనే చాప మీద వెల్లకిలా పడుకున్నాడు.

"టార్చి ఇటివ్వండి నాన్నా."

ఇచ్చాను.

"ఇంతేనా తేడా?" అడుగునుంచి వచ్చిన గొంతు అతనిది కానట్లుంది. "గోరంతే కదా ఇది! వెనక గాట్ల దగ్గర పడుతుందా?"

"పడుతుంది. అక్కడ టైరు నిండుగానే ఉంది."

"అక్కడ ఎత్తితే ఈ మూల లేస్తుందో లేదో నమ్మకం లేదు. వద్దు." అతడు టార్చి ఇటూ అటూ తిప్పాడు. "నాన్నా, జాకీని కుదించలేం. కారును పెంచలేం. చక్రం కింద ఏదైనా పెట్టి, దాని మీదికి ఎక్కిస్తే?"

"గాలి లేకుండా నడపవచ్చునా?"

"మామయ్యకి చెయ్యండి."

బావమరిది ఫోను మోగీ మోగగానే అందుకున్నాడు. "జానెడు దూరమేగా మేనల్లుడూ, ఏమీ కాదు. వదులు చేసిన బోల్టులు మళ్లీ బిగించి, నెమ్మదిగా ఎక్కించండి. మేమంతా చేసేదదే."

"మరి ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"ఎక్కడ చెప్పనిచ్చారు? మీ నాన్న నాకు తాబేలు సంగతి చెప్తూ కూర్చున్నారు."

గుమ్మంలోంచి కోడలు ఇదంతా చూస్తూనే ఉంది. చొక్కా వీపున అంటిన నల్లటి మడ్డి కూడా చూసే ఉంటుంది.

"ఇంతకీ మీరు ఎవరి తరపు?" అంది.

అతడు కారు కిందినుంచి తల తిప్పాడు. ఆ ప్రశ్న అతనికి అప్పుడే తట్టినట్లుంది.

"ఒక్క నిమిషం ఆగు. ఇది తేలనీ," అని మళ్లీ లోపలికి చూశాడు.

మందపాటి చెక్కలు ఎక్కడున్నాయని వెతుకులాట మొదలైంది. ఇంటి వెనక దొరికినవి పుచ్చిపోయి ఉన్నాయి. అతని చూపు చివరికి నా గదిలోని అలమర మీద ఆగింది. పాతకాలపు కర్ర. అరలు ఊడదీయడానికి వీలున్నవే. నా వైపు చూశాడు. అడగలేదు.

నేను వెళ్లి గ్రంథాలు ఒక్కొక్కటిగా తీసి పక్క మీద పేర్చాను. జీవితమంతా శాస్త్రాల బరువు మోసిన ఆ పలకలు ఇప్పుడు చక్రం బరువు మోయబోతున్నాయి. నేను క్షమించమని లోలోపల అడిగాను. ఎవరిని అడిగానో నాకే స్పష్టంగా తెలియదు. పుస్తకాలనైతే కాదు. వాటికి ఈ సంగతి నచ్చే ఉంటుందనిపించింది.

ఒక పలక మీద మరొకటి కొంచెం వెనకగా జరిపి, మెట్టులా అమర్చాడు అబ్బాయి. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అతడు ఎదురుగా నిలబడి, లిఫ్టును దించేవాడిలా అరచేయి ఆడిస్తూ, "రానీ, రానీ, ఇంకొంచెం, ఇంకొంచెం," అన్నాడు. చదునైపోయిన టైరు మొదటి పలకను తడుముకుని ఎక్కింది. రెండవదానికి కారు ఒక్క ఊపు ఊగింది. "ఆపండి!" అని కేక. హ్యాండ్‌బ్రేకు లాగాను. అతడు వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, మోకాళ్ల మీద వంగి, జాకీని తోశాడు.

అది జారుకుంటూ లోపలికి పోయింది. రబ్బరు బిళ్లతో సహా.

అతడు వెంటనే ఎత్తలేదు. లేచి నిలబడి ఇంటి వైపు కేక వేశాడు.

"అమ్మా! ఒకసారి రా. టేపు తీసుకురా."

ఆమె వచ్చింది. ఎందుకని అడగలేదు. పలకలు చూసింది, వాటి మీద ఎక్కిన చక్రాన్ని చూసింది, కొడుకు చొక్కా చూసింది. అతడు టేపు కొసను నేలకు ఆనించి పట్టుకుని పడుకున్నాడు.

"చదువు."

ఆమె వంగి చదివింది. నాలుగంగుళాలకు పైనే ఉంది.

"గాలి లేకుండా," అన్నాడు అతడు.

"గాలి లేకుండా," అంది ఆమె.

అంకెలు సరిచూసుకుంటున్నట్లు ఇద్దరూ ఆ టేపునే కాసేపు పట్టుకుని ఉండిపోయారు. తరువాత అతడు పానా కోసం చెయ్యి చాచాడు. ఆమె చేయి ముందే దాని మీద పడింది.

"బోల్టులు నా పని. నువ్వు లే. స్టాండు ఎక్కడ పెట్టాలో చూడు."

చక్రం మారింది. బోల్టులు బిగిశాయి. జాకీ దిగింది. కారు తన పాత ఎత్తుకు, అనగా తన పొట్టితనానికి, తిరిగి వచ్చింది. చక్రం మార్చాక కాస్త దూరం నడిపి, బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాలని బావమరిది ఫోనులో హెచ్చరించాడు. కాస్త దూరమంటే ఎక్కడికని ఎవరూ అడగలేదు. కోడలు వెనక సీటులో ఎక్కింది. అబ్బాయి చొక్కా మార్చుకోకుండానే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ పలకలు రెండూ వెనక డిక్కీలోకి చేరాయి. అవి ఇక అలమరకు తిరిగి రావని నాకు అప్పుడే తెలుసు.

బజారు అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. కొట్టు ముందు ఆపాను. ఆమె కుర్చీలోకి జరిగింది. కోడలు షట్టరు సగం దాకా పైకి తోసింది. లోపలినుంచి కొత్త బట్ట వాసన, మిషను నూనె వాసన కలిసి బయటికి వచ్చాయి. అబ్బాయి రోడ్డు పక్కన గొంతు కూర్చుని పానా తగిలించి నొక్కుతున్నాడు. అతని జేబులో ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని మాట్లాడాడు.

"ఆఁ, చెప్పండి... లేదండీ. కొట్టు ఖాళీ లేదు... ఈ సీజనుకే కాదు."

"ఎవర్రా?" లోపలినుంచి ఆమె గొంతు.

"ఎవరో అమ్మా. రాంగ్ నంబరు."

నేను స్టీరింగు మీదినుంచి చేతులు తీయలేదు. ఆ సమయానికి ఇద్దరు పిల్లలను చెరొక చేత్తో పట్టుకుని ఒక తల్లి అటుగా వచ్చింది. సగం లేచిన షట్టరును చూసి, మడ్డి అంటిన చొక్కాతో చక్రం దగ్గర కూర్చున్న మా అబ్బాయిని చూసి, కొంచెం సంశయించింది.

"బాబూ, కొట్టు తీశారా?"

అతడు చివరి బోల్టు బిగించి, పానా కింద పెట్టి, చేతి వెనక భాగంతో నుదురు తుడుచుకున్నాడు. నుదుట నల్లని చార పడింది.

"తీశామండీ," అన్నాడు.